పిలాతు దగ్గర మలుపు

ఆ రోజుల్లో నాకు తెలియనిది లోకంలో లేదనుకునేదాన్ని. బరంపురంలో బి.ఏ. పాసై ఇంట్లో కూర్చున్న నాకు, పెద్దవాళ్లను జ్ఞానస్నానానికి తయారుచేసే పని మా ఫాదర్‌గారు అప్పగించారు. చేతిలో ప్రార్థన పుస్తకం, ముక్కు మీద కళ్లజోడు (చూపు బాగానే ఉండేది, అది గౌరవం కోసం). ఇక నేల మీద నడుస్తానా!

నా ఏకైక శిష్యురాలు కవ్వళ్ల అత్త. సముద్రపొడ్డున ఉన్న మార్కండి నుంచి రోజూ బస్సెక్కి వచ్చి బడా బజార్ వీధుల్లో కవ్వళ్ల చేపలు అమ్మేది. నాకంటే ముప్ఫై ఏళ్లు పెద్దది. పూజలో అందరూ కలిసి చెప్పే విశ్వాస సంగ్రహం చూడకుండా అప్పజెప్పలేక కిందటేడు ఆమె జ్ఞానస్నానం ఆగిపోయింది. దానికని కొన్న తెల్లచీర పెట్టెలోనే మడతల దగ్గర పసుపెక్కుతోంది. "ఈ ఈస్టరుకీ అవ్వకపోతే నాను మరి రాను పాపా. దేవుడికి నా బుర్ర సాలదు గావాల," అనేది. నేను పుస్తకం చూసి చదివేదాన్ని, ఆమె గంప పక్కన పెట్టుకుని వినేది. అప్పజెప్పమంటే దిక్కులు చూసేది. శ్రద్ధ లేదని కసిరేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పరీక్షనాడు ఫాదర్‌గారు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి చెప్పమన్నారు. అత్త చెంగు నలుపుకుంటూ మళ్లీ దిక్కులు చూసింది. "టీచరమ్మ అందిస్తుందిలే," అంటూ ఆయన నా పుస్తకం తీసుకుని బల్ల మీద బోర్లించారు. నేను గొంతు సవరించుకుని గడగడా మొదలుపెట్టి, ఏసును సిలువకు అప్పగించిన పిలాతు పేరు దగ్గర ఆగిపోయాను. తర్వాత ఏమిటో తెలిస్తే ఒట్టు! పుస్తకం మూసి చెప్పే అవసరం నాకు ఏనాడూ రాలేదు మరి. ఫాదర్‌గారు ఫ్యాను వైపు చూడసాగారు.

అప్పుడు అత్త లేచింది. "కుర్సీలో కూకుంటే నాకు రాదు బాబూ. నడిస్తే వొస్తాది. మొదటి మాట బట్టల కొట్టు కాడ, పిలాతు సందు మలుపు కాడ," అంటూ చెంగు చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని, లేని గంప ఎత్తుకుంది. గది చుట్టూ నడుస్తూ, గుమ్మం గుమ్మానికీ ఆగినట్టు ఆగుతూ, పొల్లు పోకుండా అంతా చెప్పేసింది. ఆ ఊపులో చివర "మాఛొ నేబో!" (ఒడియాలో చేపలు కొంటారా అని) ఒక కేక కూడా పెట్టేసి నాలుక కరుచుకుంది.

"దాన్ని ఆమెన్ అనుకుందాం," అన్నారు ఫాదర్‌గారు, నవ్వు ఆపుకోలేక కళ్లు తుడుచుకుంటూ.

నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఏడాదంతా ఆమె నా పాఠాన్ని చేపలతో పాటు నెత్తిన మోసిందన్నమాట. జ్ఞానస్నానంలో పక్కన నిలబడే జ్ఞానతల్లిగా ఎవరుంటారని ఫాదర్‌గారు అడిగితే నన్నే చూపించింది. "ఈ పాపే. నాకు మరెవలున్నారు?" అలా పెళ్లి కాకుండానే, ఇరవై రెండేళ్లకే, యాభై రెండేళ్ల కూతురికి తల్లినయ్యాను. బజారులో కనబడితే చాలు, "మాయమ్మ వొచ్చింది!" అని వీధంతా వినిపించేలా కేకేసేది.

ఇప్పుడు నాకు నిజంగానే కళ్లజోడు కావాలి. ఎంతమందికి నేర్పినా ఎవరినీ కుర్చీకి కట్టేయను, ఆ బుద్ధి ఆమె పెట్టిందే. అయినా ఆదివారం పూజలో పిలాతు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు ఇప్పటికీ ఒక్క క్షణం తడబడుతుంది. వెనక బెంచీలోంచి నా ముసలి కూతురు నా వీపు మీద వేలితో పొడుస్తుంది.

"మలుపు తిరుగమ్మా."