ఉరుకుందు చేసే పని

మద్దమ్మకు పదహారేళ్లు. కనబడినదాన్నల్లా తిరగేసి చూడనిదే ఆ పిల్లకు పొద్దుపోదు. "నీ కండ్లకు నిద్దరనేది ఉండాదా అమ్మీ?" అని నవ్వేవాడు తండ్రి ఉరుకుందు. బనగానపల్లె దగ్గరి పల్లెలో ఈతబరికెలతో బుట్టలల్లి బతికే ఎరుకలవాడు. కొన్ని కులాలవాళ్లు పుట్టుకతోనే దొంగలంటూ తెల్లదొరలు పెట్టిన చట్టాన్ని మన సర్కారు ఎత్తేసి ఏళ్లయింది. ఎత్తేస్తే ఏం లాభం? ఠాణాలో పేర్ల పట్టీ అట్లాగే ఉంది. ఊళ్లో చెంబు పోయినా ముందు ఉరుకుందు రెక్కే పట్టుకునేవాళ్లు.

1955 ఎండాకాలంలో మామిడితోట ఆసామి పుల్లయ్య ఇంట్లో వెండిగిన్నెలు పోయాయి. రెండ్రోజులకు ఊరవతల ఒక బుట్టలో దొరికాయి. బుట్ట ఎరుకల అల్లిక కాబట్టి దొంగ ఉరుకుందేనట! బుర్రలో గుజ్జున్నవాడెవడైనా ఈ మాటంటాడా? కేసు కట్టి కోర్టుకు ఈడ్చారు. రుజువైతే రెండేళ్ల జైలు.

"ఉరుకుందు. కులం ఎరుకల. వృత్తి దొంగతనం" అని గుమాస్తా గట్టిగా చదివాడు. వెనక నిలబడ్డ మద్దమ్మకు ఒళ్లు మండిపోయింది.

మేజిస్ట్రేటు గిన్నెలు దొరికిన బుట్టను చూపించి, "ఇది నువ్వు అల్లిందేనా?" అని ఉరుకుందును అడిగాడు. "కాదని చెప్పప్పా" అని ఎవరో గొణిగారు. మద్దమ్మ మాత్రం మెడ సాచి మేజిస్ట్రేటు బల్ల కిందికి చూస్తోంది.

"మా నాయన అల్లిందే దొరా!" అనేసింది.

అయ్యో పిచ్చితల్లీ, ఎంత పని చేశావే! బంట్రోతు గెంటబోతే మేజిస్ట్రేటు ఆపాడు.

"మా నాయనది ఎడమచేతి వాటం. అంచు ఎడమకు తిరిగుంటాది. అమ్మినంక దాంట్లో ఎవురేం పెట్టుకుంటారో మాకేం తెల్సు సామీ? మీ కాళ్లకాడ చిత్తుకాగితాల బుట్ట ఉండాదే, అదీ మా నాయన అల్లిందే."

మేజిస్ట్రేటు వంగి ఆ బుట్టను బల్లమీదికి తీశాడు. అంచు ఎడమకే తిరిగి ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. వేరే సాక్ష్యం ఏముందని, కేసు కట్టిన హెడ్ కానిస్టేబుల్ను అడిగాడు. హెడ్డు మళ్లీ గిన్నెలు దొరికిన బుట్టనే చూపించాడు.

"వదిలేస్తున్నాను" అంటూ మేజిస్ట్రేటు కలం అందుకున్నాడు. ఉరుకుందు దండం పెట్టి, కూతురి భుజం పట్టుకుని పదమన్నాడు. పిల్ల కదిలితేనా!

"మా నాయన ఏం పని చేస్తాడని రాస్తాండారు సామీ?"

కలం ఆగింది. మేజిస్ట్రేటు కాగితంలో ఒక మాట కొట్టేసి, పైన మరొకటి రాసి, పైకి చదివాడు: "బుట్టలు అల్లడం."

విడుదలన్నప్పుడు తొణకని ఉరుకుందు, ఆ రెండు మాటలు విని భోరున ఏడ్చాడు.