సెలవు బోర్డూ, యారాడ బొమ్మా

పెళ్లిచూపుల్లో మా మామగారు "అబ్బాయి ఏం చేస్తుంటాడు?" అని అడిగితే, నేను గొంతు సవరించుకుని "చిత్రకారుణ్ణండీ" అన్నాను. పూర్తిగా అబద్ధం కాదు. చిన్నప్పుడు బొమ్మలు బాగానే వేసేవాణ్ణి. కాపురానికి విశాఖపట్నం వచ్చిన మా ఆవిడకి మాత్రం ఇంట్లో చిత్రాలేవీ కనబడలేదు. 'ఇచ్చట గోధుమలు మర పట్టబడును', 'అరువు రేపు', 'గోడకు నోటీసులు అంటించరాదు' కనబడ్డాయి. నేను బోర్డులు రాసేవాణ్ణి.

ఆవిడ పోట్లాడే మనిషి కాదు. అన్నం వడ్డిస్తూ మెల్లిగా అనేది.

"ఏటండీ, బొమ్మలేత్తానన్నారు గదా మా నాన్నతోటి. ఒక్కటైనా ఏసి సూపించండి."

ఆ 'ఒక్కటైనా' గొంతులో చేపముల్లులా గుచ్చుకునేది. ఒక్క బొమ్మ. ఎవరూ అడగనిది, ఎవరి కొట్టు పేరూ లేనిది, నాకోసం నేను వేసుకున్నది. అది ఆవిడకి చూపించకపోతే నా బతుకంతా అక్షరాలతోనే తెల్లారిపోతుందని నిజంగానే దిగులు పట్టుకుంది.

అవి ఎనభైల మొదట్లో రోజులు. స్టీల్‌ప్లాంటు ఇంకా కడుతున్నారు. ఎక్కడ చూసినా కొత్త కొట్లు, కొట్టుకో బోర్డు. నేను ఎవరి కిందా పనిచేయను. అంచేత ఊళ్లో అందరూ నా మీద అధికారులే. బాగా ఆలోచించి ఇంట్లో ఒక శాసనం చేశాను. ఆరు రోజులు ఊరికి. ఆదివారం పొద్దున్న నా బొమ్మకి, మధ్యాహ్నం నిద్రకి.

శాసనం బాగానే ఉంది గానీ, అది చెల్లే ఊరు కాదు ఇది. మాది షిఫ్టుల ఊరు. హార్బరులో పనిచేసేవాడికి బుధవారం ఆఫ్, స్టీల్‌ప్లాంటు వాడికి గురువారం, ఆస్పత్రి నర్సమ్మకి ఏ వారం వస్తే ఆ వారం. ఎవరి ఆదివారం వాళ్లది. ఎవరికి ఆఫ్ వచ్చినా, పొద్దున్నే లేచి ముఖం కడుక్కుని మా ఇంటికే వచ్చేవారు.

అందరిలోకీ మా అక్క మొగుడు ఘనుడు. కబుర్లకి వచ్చినప్పుడు మంచం మీద కాళ్లు బారజాపుకుని "నీకేటి బావా, రోజూ ఆదోరవే!" అనేవాడు. ఎవరికో బోర్డు రాయించడానికి వచ్చినప్పుడు అదే మనిషి, అదే మంచం మీద కూర్చుని "నీకు ఆదోరవేటి బావా, గవర్మెంటోడివా?" అనేవాడు. రెండూ ఒకే నోటితో ఎలా వస్తాయని అడిగితే, మధ్యలో టీ తాగాను కదా అన్నాడు.

ఇలా కాదని ఒక ఉపాయం పన్నాను. రేకు మీద 'ఈ రోజు సెలవు' అని రాసి గుమ్మానికి వేలాడదీద్దామనుకున్నాను. నల్లరంగుతో నాలుగు గీతలు గీకితే సరిపోయేది. కానీ చెయ్యి ఊరుకుంటేనా? ఎర్రటి అక్షరాలు, వాటికి పసుపు అంచు, అంచుకి నీడ. పక్కన ఒక కొబ్బరిచెట్టు. చెట్టుకింద పడకకుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్న పెద్దమనిషి. ఆయన బొజ్జ మీద ఒక పిల్లి. అది రాయడానికి ఒక ఆదివారం అయిపోయింది. పోనీలే, ఇక ముందు ఆదివారాలన్నీ నావే కదా అనుకున్నాను.

కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది. బోర్డు చూసి వెనక్కి వెళ్లాల్సిన వాళ్లు, బోర్డు చూడ్డానికే ఆగడం మొదలెట్టారు. ఆగినవాళ్లు తలుపు కొట్టారు. "ఇలాంటిదే మాకూ ఒకటి కావాలండి."

పాతఊళ్లో గాజులూ అత్తరూ అమ్మే సాయిబుగారు శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి కొట్టు మూసేవారు. తెలుగూ ఉర్దూ రెండూ పెట్టి రాయించుకున్నారు. పది రోజులు తిరక్కుండా మళ్లీ వచ్చారు.

"బహుత్ అచ్ఛా ఉంది భాయ్. అదే నా బాధ. బోర్డు చూడ్డానికి జనం నిలబడుతున్నారు. నిలబడ్డవాళ్లని చూసి నేను కొట్టు తెరిచేస్తున్నాను. కొంచెం వికారంగా రాసివ్వలేరా?"

వికారంగా రాయడం నాకు చేతకాలేదు. ప్రయత్నించాను కూడా. పిల్లి ఇంకా ముద్దొచ్చింది.

మా వీధికి రోజూ చేపలు తెచ్చే జాలరిపేట మనిషి కూడా గంప దించి నిలబడింది.

"బాబూ, నాకూ ఒకటి రాసీ."

"నీకు కొట్టు లేదు కదమ్మా, ఎక్కడ కడతావు?"

"ఇంటి గుమ్మానికి. ఆదోరం వచ్చిందంటే సాలు, మా ఆడబిడ్డ పిల్లల్ని ఎంటేసుకుని దిగిపోతాది."

"మీ ఆడబిడ్డకి చదువొచ్చా?"

"రాదు. అందుకే పెద్ద పెద్ద అచ్చరాలు రాయమంతన్నాను."

ఇంత గట్టి తర్కానికి నేను తలవంచాను. అలా నా ఆదివారాలన్నీ ఊరివాళ్లకి సెలవులు రాసివ్వడంలో గడిచిపోయాయి. ఊరంతా హాయిగా కొట్లు కట్టేసుకుని నిద్రపోతుంటే, నేను చెమటలు కక్కుతూ వాళ్ల పిల్లులకి మీసాలు పెట్టేవాణ్ణి. మా ఆవిడ ఒకరోజు ఆరబెట్టిన బోర్డుల మధ్య నుంచి కుంచెడు బియ్యం పట్టుకుని దాటుకుంటూ వెళ్తూ అంది.

"పిల్లి బాగుంది. అదేనా మీ బొమ్మ?"

రోషం వచ్చింది. ఇంట్లో ఉంటే లాభం లేదు, ఊరు వదిలి పారిపోవాల్సిందే. ఆ వచ్చే ఆదివారం తెల్లవారుతూనే ఒక ప్లైవుడ్ చెక్కా, మిగిలిపోయిన ఎనామిల్ డబ్బాలూ సంచిలో వేసుకుని, "పద, యారాడ పోదాం" అన్నాను. ఆవిడ నమ్మలేదు. నమ్మకపోయినా గబగబా పులిహోర కలిపి, గొడుగు తీసుకుని బయల్దేరింది.

యారాడ ఒడ్డున గాలి బాగుంది. ఇసకలో చెక్క నిలబెట్టి మొదలెట్టానో లేదో, వలలు బాగుచేసుకుంటున్న నలుగురు చుట్టూ చేరారు. వాళ్లకి కొత్తవాడైనా బావే.

"ఏటి సేత్తన్నావ్ బావ?"

"బొమ్మేస్తున్నాను."

"ఎవులికి?"

"నాకే."

"డబ్బులెవులిత్తారు?"

"ఎవరూ ఇవ్వరు."

వాళ్లు కాసేపు తమలో తాము ఏదో గొణుక్కున్నారు. పెద్దాయన ముందుకొచ్చాడు.

"అయితే మా పడవ మీద పేరు రాసీ బావ. మేవూ ఇవ్వం."

జీవితంలో మొదటిసారి ఆ రోజు 'రాయను' అన్నాను. వాళ్లు ఏమీ అనుకోలేదు. పిచ్చివాడితో మనకెందుకన్నట్టు చూసి, పోయి వలలు కుట్టుకున్నారు. నాకు భలే గర్వమనిపించింది.

వెనక్కి తిరిగి చూద్దును కదా, మా ఆవిడ పులిహోర తినేసి, గొడుగు నీడలో టిఫిన్ క్యారియర్ పక్కన పడుకుని నిద్రపోతోంది. ఒక చెయ్యి కళ్ల మీద, ఒక చెయ్యి ఇసకలో. పెళ్లయ్యాక ఆవిడ పగటిపూట పడుకోగా నేను చూడటం అదే మొదలు. కొండా, సముద్రమూ, పడవలూ అన్నీ వేశాను గానీ, నా కుంచె మాటిమాటికీ ఆవిడ దగ్గరికే పోయింది. ఆ చెయ్యి, ఆ చీర కుచ్చిళ్లు, కొంచెం తెరుచుకున్న నోరు, అన్నీ కుదిరాయి. నాకెంత సంతోషమేసిందంటే, అక్కడే నిలబడి నన్ను నేను రెండుసార్లు మెచ్చుకున్నాను. ఆవిడకి అప్పుడే చూపించలేదు. ఆరాక ఇంట్లో గోడకి తగిలించి చూపిద్దామని దాచాను.

ఎనామిల్ మర్నాటికి గానీ ఆరదు. ఆ సంగతి నాకు తెలిసినంత బాగా ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. అయినా తడి బొమ్మని రెండు చేతులా పట్టుకుని సాయంత్రం బస్సెక్కాను. పిక్నిక్ జనంతో బస్సు కిటకిటలాడుతోంది.

"బొమ్మకి టిక్కెట్టు తీయాల," అన్నాడు కండక్టరు.

"బొమ్మకి టిక్కెట్టేమిటండీ?"

"మడిసంత సోటు తినేత్తంది గదేటి?"

ఈ వాదన తేలేలోగా బస్సు కొండమలుపు తిరిగింది. ఎదురుగా ఆవు. డ్రైవరు బ్రేకు వేశాడు. నేనూ నా బొమ్మా కలిసి ముందుకి తూలి, తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన వీపుకి అతుక్కుపోయాం. విడదీసుకుని వెనక్కి వచ్చేసరికి కొసన ఉన్న ఆకాశం ఒక కుర్రాడి మోచేతికి పోయింది. కొండలో కొంత కండక్టరు సంచీ పట్టుకెళ్లింది. బస్సులో ఎవరి వాటా వాళ్లకి దక్కింది. తెల్లచొక్కా ఆయన మెడ తిప్పి వీపు చూసుకోవాలని గానుగెద్దులా గిరగిరా తిరుగుతున్నాడు. జనం తలో మాటా అన్నారు. దిగాక చెక్క అందుకుని మా ఆవిడే మోసింది.

ఇంటికొచ్చి లాంతరు వెలుగులో చూస్తే, సముద్రం ఉంది, పడవలున్నాయి, గొడుగు ఉంది. గొడుగు కింద ఆవిడ లేదు. అక్కడ ప్లైవుడ్ చారలు, కాస్త మరక, అంతే. నిజంగానే ఏడుపొచ్చింది.

"ఇక్కడ ఏటుండేది?" అంది ఆవిడ.

"నువ్వు."

ఆవిడ ఆ ఖాళీని చూసి, వెళ్లి అన్నం వడ్డించింది.

రెండు రోజులు దాన్ని సరిచేయాలని తంటాలు పడ్డాను. జ్ఞాపకం మీద వేస్తే బియ్యం బస్తాలా వచ్చింది. తుడిచి మళ్లీ వేస్తే బస్తాకి చెయ్యి వచ్చింది. ఆవిడ్ని ఒక్క చిటిక పడుకోమంటే, "నాకు పన్లేదేటి?" అని వంటింట్లోకి పోయింది. బస్తానీ తుడిచేసి, బొమ్మ గోడవైపు తిప్పేశాను.

మూడో రోజు పొద్దున్న తలుపు చప్పుడైంది. తెరిస్తే బస్సులో తెల్లచొక్కా ఆయన. అదే చొక్కా వేసుకుని వచ్చాడు. ఊళ్లో బోర్డులు రాసేవాణ్ణి కనుక్కోవడం కష్టం కాదు. చొక్కా గొడవకే వచ్చాడని నేను తలుపు సగం మూయబోయాను.

"కంగారు పడకండి," అన్నాడాయన. "నాను హార్బర్లో క్రేను తోల్తాను. ఈయేల ఆఫ్. మా ఇంట్లో పెద్ద తగువయిపోతంది. ఎన్నిసార్లు ఉతికినా ఇది పోలేదు. మా ఆడది ఇది బోర్లాపడ్డ పడవంతాది. మా పాప ఏనుగంతాది. మా యమ్మయితే దేవుడు ఎలిసాడని దణ్ణం ఎట్టీసింది. మీరు ఏసినోరు గదా, ఏటో తేల్చీండి."

బోర్డు రాయమని కాకుండా, నేను వేసినదేమిటో తెలుసుకోవాలని మా గుమ్మం తొక్కిన మొదటి మనిషి ఆయనే. చెప్పొద్దూ, కావలించుకుందామనిపించింది. బొమ్మ తిప్పి గోడకి ఆనించాను. ఆయన దానికి వీపు పెట్టి వెనక్కి వెనక్కి నడిచాడు.

"కొంచెం కిందికి వంగండి. ఎడమకి. ఇంకొంచెం. ఆఁ, అక్కడ."

సరిగ్గా అతికింది. ఒక అడుగు ముందుకి జరిపి చూస్తే, గొడుగు కింద ఉండాల్సిన మా ఆవిడ ఆయన వీపు మీద హాయిగా నిద్రపోతోంది. చెయ్యీ, కుచ్చిళ్లూ, నోరూ, ఏదీ పోలేదు.

"పడవా కాదు, ఏనుగూ కాదండి. మా ఆవిడ."

"అమ్మబాబోయ్!" అన్నాడాయన. "మా యింట్లో ఇది ఎలా సెప్పడం?"

అచ్చు కనక అటుది ఇటు తిరగబడింది. తల ఉండాల్సిన చోట కాళ్లున్నాయి. అందుకని గడ్డం గీసుకునే అద్దం తెచ్చి మేకుకి తగిలించాను. ఆయన్ని దానికి వీపు పెట్టి నిలబెట్టి, "కదలకండి" అని, అద్దంలో ఆయన వీపు చూస్తూ కుంచె పట్టుకున్నాను. అప్పుడే మా ఆవిడ రెండు గ్లాసుల టీ పట్టుకుని వచ్చింది. బొమ్మా, అద్దమూ, ఆయన వీపూ, నన్నూ వరసగా చూసింది.

"నాను ఎదురుగుండా ఉంటే, అద్దంలో ఆయనగారి ఈపు సూసి నన్ను గీత్తారేటండీ?"

నేను కుంచె దించి, అద్దం మేకు మీంచి తీసేశాను.

"పడుకోమంటే పడుకోలేదు కదా నువ్వు," అన్నాను.

"అలా ఒక్క చిటిక పడుకుని లేచిపో అన్నారు. అది పడుకోడవేటి?"

గ్లాసులు కిటికీలో పెట్టింది. చాప దులిపి గది మధ్యలో పరిచింది. "పొయ్యి మీద పప్పుంది," అని మళ్లీ లేవబోయింది.

"పప్పు సంగతి నాను సూసుకుంతాను, మీరు పడుకోండి అప్పా," అన్నాడు క్రేనాయన, సొంత అక్కతో అన్నట్టు. అంటూనే వంటింట్లోకి పోయి స్టవ్వు వత్తులు తగ్గించాడు.

ఆవిడ చెయ్యి కళ్ల మీద పెట్టుకుంది. మొదట్లో ఊరికే నటించింది. కాసేపటికి నోరు కొంచెం తెరుచుకుంది. బొమ్మ అయిపోతే లేచిపోతుందని తోచి, కావాలనే మెల్లిగా వేశాను. వేసిన కుచ్చిళ్లే మళ్లీ వేశాను.

వంటింటి గుమ్మంలోంచి ఆయన గరిటె పట్టుకుని తొంగిచూశాడు.

"ఉప్పు ఏసీసినారా, ఏయాలా?" అని గుసగుసగా అడిగాడు.

నాకేం తెలుసు? ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో కూడా తెలియదు. ఆవిడ్ని లేపి అడగడం ఇద్దరికీ ఇష్టం లేకపోయింది. ఆ పూట ఆయనా నేనూ వంటింట్లో కూర్చుని ఉప్పు లేని పప్పుతోనే తిన్నాం.