అందరూ దూకేశారట

చియాపా రేవులో నేను పోసోల్ అమ్మబట్టి ఇరవై ఆరేళ్లు. మొక్కజొన్న ముద్దలో కోకో కలిపి చల్లటి నీళ్లలో పిసికి ఇస్తాను. అది కడుపులో పడందే మా పడవవాళ్లెవరూ ఇంజన్ ముట్టరు. వాళ్లలో మాట తక్కువ, మొండితనం ఎక్కువ ఉన్నవాడు హెర్మీలో నురికుంబో. మా అమ్మాయి జ్ఞానస్నానానికి తండ్రి స్థానంలో నిలబడ్డాడు. అందుకే నన్ను కొమాద్రే అంటాడు, నేనతన్ని కొంపాద్రే అంటాను.

ముప్పై నాలుగేళ్లుగా సుమిదేరో గండిలోకి సందర్శకులను తీసుకెళ్తున్నాడు. ఒడ్డున నోరు తెరుచుకుని పడుకున్న మొసలిని అందరికంటే ముందు చూసేది అతనే. జలపాతం కిందికి ఎంత దగ్గరగా పోనిస్తే జనం తడిసి కేరింతలు కొడతారో అతనికి తెలుసు. చిక్కంతా ఒక్కచోటే. కొండగోడలు కిలోమీటరు ఎత్తుకు లేచే చోట ప్రతి పడవా ఆగుతుంది. వందల ఏళ్ల కిందట స్పెయిన్ వాళ్లకు బానిసలం కామంటూ మా చియాపా జాతి మొత్తం, చంటిపిల్లలతో సహా, ఆ కొండల మీంచి నదిలోకి దూకేసిందని పడవవాడు చెప్పాలి. జనం అయ్యో అనాలి. హెర్మీలో మాత్రం ఇంజన్ ఆపి ఊరుకునేవాడు.

ఈ ఏడాది ఈస్టరు సెలవుల్లో ఫిర్యాదులొచ్చాయి, పక్క పడవలో కథ చెప్పారు, మాకు చెప్పలేదని. రేవు సంఘం పెద్ద అబెలార్దో, హెర్మీలో దగ్గరే పడవ నేర్చుకున్నవాడు, హెర్మీలో పోసోల్ తాగుతుంటే నా బండి దగ్గరికే వచ్చి తేల్చేశాడు.

"మాస్టారూ, రేపట్నుంచి కథ చెప్తారా సరి. లేదంటే మీ పడవ వంతు ఇంకొకరికిచ్చేస్తా. రేపు నేనే వచ్చి వింటా."

అతను వెళ్లగానే నేనందుకున్నాను.

"రెండు ముక్కలు చెప్తే నీ సొమ్మేం పోయింది? ఈ వయసులో పడవ పోతే బజార్లో మామిడికాయల బుట్టలు మోస్తావా?"

"అందరూ దూకేస్తే మనల్నెవరు కన్నారు కొమాద్రే? మా ముసలోళ్లు గుహల్లో దాక్కున్నారంట. ఆకలికి తట్టుకోలేక కిందికి దిగొచ్చారు. దెబ్బలు తిన్నారు, బతికారు. బతికినందుకు వాళ్లని లేకుండా చేసేద్దామా?"

"వాళ్లొచ్చి నీకు వంతు ఇప్పిస్తారా? చెప్పి ఊరుకో!"

చాలా తెలివైన మాట చెప్పాననుకున్నాను.

మర్నాడు అతనికి తోడుగా ఉంటుందని బండి మా చెల్లెలికి అప్పజెప్పి నేనూ పడవెక్కాను. మొసలి కనిపించింది, కోతులు కనిపించాయి, అందరూ హాయిగా తడిశారు. ఆ గోడల కింద హెర్మీలో ఇంజన్ ఆపాడు. ముందు వరసలోంచి అబెలార్దో వెనక్కి తిరిగి చూశాడు.

హెర్మీలో టోపీ తీసి కథ మొదలుపెట్టాడు. బాగా చెప్పాడు, పాపిష్టివాడు. బిడ్డల్ని రొమ్ముకు కట్టుకున్న తల్లుల్ని కళ్లకు కట్టించాడు. మోంతెర్రేయ్ నగరం నుంచి వచ్చిన ఒకావిడ కళ్లు తుడుచుకుంటూ అడిగింది.

"ఒక్కరైనా మిగల్లేదా?"

హెర్మీలో అబెలార్దో వంక చూడలేదు, నా వంక చూశాడు.

"లేదమ్మా. ఒక్కరూ మిగల్లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. చెప్పమన్నది నేనేనని కూడా మర్చిపోయాను. లేచి నిలబడితే పడవ ఊగింది.

"మిగలకపోవడమేంటమ్మా? నేను నంపులా వాళ్ల ఆడపడుచుని. ఆయన నురికుంబో. అవి స్పెయిన్ పేర్లనుకున్నావా? ఆ దూకేశారన్న వాళ్లవే!"

ఆవిడ మర్యాదగా నవ్వింది.

"మా పిన్నికి సరదా ఎక్కువలెండి," అన్నాడు అబెలార్దో. పడవంతా నవ్వింది. హెర్మీలో టోపీ పెట్టుకుని ఇంజన్ తాడు లాగాడు.

వంతు నిలిచింది. ఇప్పుడు రోజుకు మూడుసార్లు చెబుతున్నాడు. ఎవరైనా మిగిలారా అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, అతను లేదంటూనే ఉంటాడు. రోజూ వచ్చి నా దగ్గర పోసోల్ తాగుతాడు, మా అమ్మాయి ఎలా ఉందని అడుగుతాడు. నా మీద అతనికి కోపం లేదు. అదే నేను భరించలేకపోతున్నాను.