తిరిగొచ్చాక నాలుగు వారాలు

పోయినవాటితో మొదలుపెడతాను. నాతో బోరుబండి మీద పనిచేసే భాయ్ ఒంట్లోంచి తొమ్మిది కిలోలు. అతని బెల్టుకు కొత్తగా మూడు రంధ్రాలు పడ్డాయి, మూడూ అతనే మేకుతో పొడుచుకున్నవి. ఇంట్లో మంచం మీద అయిదు రోజులు, ఖమ్మంలో ఆసుపత్రి మంచం మీద పదకొండు, ఇంటికొచ్చాక గోడ పట్టుకుని నడిచినవి ఇరవై. మొత్తం ముప్పై ఆరు రోజులు. ఒక బక్రీద్. ఆ రోజు ఇల్లంతా మాంసం వాసన వస్తుంటే అతను గిన్నెడు జావ తాగి గోడవైపు తిరిగి పడుకున్నాడట. మేనకోడలి పెళ్ళి ఒకటి. దిండు మీద రాలిన జుట్టు ఎంతో నాకు తెలియదు. లెక్కపెడదామని కూర్చుంటే భాయ్ దిండు తీసి నా మీదికి విసిరాడు. నావైపు పోయింది ఒక్కటే. నేను ఏ అంకె చెప్పినా మా ఆవిడ ఇప్పుడు సెల్‌ఫోను తీసి సరిచూసుకుంటుంది.

ఇదంతా ఒక దోమ వల్ల అని చెప్పుకుంటే హాయిగా ఉంటుంది. కాని దోమ తన పని తాను చేసింది. తప్పు చేసింది నేను.

మాది కల్లూరు. బోరుబండి మీద లెక్క రాస్తాను. ఎన్ని అడుగులు దిగింది, ఎన్ని అడుగుల కేసింగు పైపు పడింది, రాయి ఎక్కడ తగిలింది, నీళ్ళు ఎక్కడ పడ్డాయి, ఇవన్నీ నా నోటుపుస్తకంలో ఉంటాయి. పదో తరగతి లెక్కల పరీక్షలో తప్పాను. లెక్కలు ఆ తర్వాతే నేర్చుకున్నాను. భాయ్‌ది ఇల్లందు. వాళ్ళ తాతల కాలం నుంచి ఇనుప పని. అదే బండి మీద కంప్రెసర్ చూసుకుంటాడు. పద్నాలుగేళ్ళుగా కలిసి పని చేస్తున్నాం. అతను నన్ను అన్నా అంటాడు, నేను అతన్ని భాయ్ అంటాను. ఒకరి మాట ఒకరం వినం.

మా ఓనరుకు ఆఫ్రికాలో బోర్లు వేసే పని దొరికింది. బండి ఓడలో వెళ్ళింది. మేమిద్దరం విమానంలో వెళ్ళాలి. డెబ్భై అయిదు రోజుల పని. దానికి ముందు హైదరాబాదులో ఒక టీకా వేయించుకుని కాగితం తెచ్చుకోవాలన్నారు. టీకా వేసినచోట ఒక డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి మలేరియా సంగతి ఎత్తింది.

భాయ్ నవ్వాడు. "మాది భద్రాచలం అడవి పక్కన మేడమ్. మలేరియా మాకు చుట్టం లెక్క. చిన్నప్పుడు రెండుసార్లు వచ్చి పోయింది. ఇప్పుడు నన్ను కుడితే దోమకే చలిజ్వరం."

"అక్కడి దోమకి మీది ఏ ఊరో తెలియదు," అంది ఆమె, రాస్తున్న కాగితం మీంచి తలెత్తకుండా. "చిన్నప్పుడు వచ్చిందని ఇప్పుడు రాకుండా పోదు. ఈ గొట్టం మాత్రలు రోజుకు ఒకటి. బయల్దేరడానికి రెండు రోజుల ముందు మొదలుపెట్టండి. అక్కడ ఉన్నన్ని రోజులూ వేసుకోండి. తిరిగొచ్చాక నాలుగు వారాలు. మధ్యలో నాగా పెట్టొద్దు."

తర్వాత ఆమె ఎందుకు, ఏమిటి అని చాలాసేపు చెప్పింది. నేను వినలేదు. నోటుపుస్తకం తీసి కూడుతున్నాను. ముందు రెండు, అక్కడ డెబ్భై అయిదు, తర్వాత నాలుగు. ఎనభై ఒకటి. ఇద్దరికి నూట అరవై రెండు.

ఆ నాలుగు ఎక్కడిదో ఇక్కడే చెప్పాలి. మా ఇళ్ళల్లో వారం అంటే నీచు తినని రోజు. "ఇయ్యాల నాకు వారం," అంటే ఆ రోజు కోడికూర వద్దని అర్థం. మా ఆవిడకు మూడు వారాలు. సోమ, గురు, శని. మా అత్తకు నాలుగు. ఆమె శుక్రవారం కూడా కలుపుకుంది. కూర వండే ముందు ఎవరికి ఎన్ని వారాలో లెక్క చూసుకోవడం పెళ్ళయిన నాటి నుంచి నా పని. బంగారం కొట్టువాళ్ళు కూడా ఏడు వారాల నగలు అంటే ఏడు రోజులకు ఏడు నగలనే కదా అమ్ముతారు. కాబట్టి ఎవరైనా నాలుగు వారాలు అంటే నా బుర్రలో నాలుగు రోజులు వరుసగా వచ్చి నిలబడతాయి. డాక్టరమ్మ అన్నప్పుడు కూడా అలాగే నిలబడ్డాయి. ఆది, సోమ, మంగళ, బుధ.

ఆమె చీటీ మీద కూడా అంకె రాసే ఉంటుంది. వైద్యుల అంకెలు వాళ్ళ అక్షరాల వంటివే. మందుల షాపులో చీటీ చూపించి, ఎన్ని కావాలో మాత్రం నా పుస్తకం చూసి చెప్పాను. పది మాత్రల పట్టీలు పదహారు, పదిహేడో పట్టీలోంచి రెండు. షాపువాడు కత్తిరించి ఇవ్వనన్నాడు. ఇచ్చేదాకా నేను కదల్లేదు. ఒక్క మాత్ర ఎక్కువ కొనలేదని బస్సులో ఖమ్మం దాకా చెప్పుకుంటూ వచ్చాను. భాయ్ సూర్యాపేట దాటగానే నిద్రపోయాడు.

అక్కడికి వెళ్ళాక మాత్రలు వేయించడం నా చేతిలో పెట్టుకున్నాను. సాయంత్రం తిండి అయ్యాక ఇద్దరం గ్లాసుడు నీళ్ళతో ఒకటి మింగాలి. మింగాక అరగంట పడుకోకూడదు. మొదటి రోజుల్లో భాయ్ నీళ్ళు లేకుండా మింగి బండి కింద పడుకున్నాడు. ఇనుము కరిగించి గుండెలో పోసినట్టుందని లేచి గెంతాడు. ఆ తర్వాత నా మాట విన్నాడు. ఎండకు మా ఇద్దరి ముక్కులూ ఎర్రబడి పొట్టు లేచాయి. ఆ మాత్ర వేసుకుంటే ఎండ ఎక్కువ కాలుస్తుందట. డాక్టరమ్మ అదీ చెప్పిందని భాయ్ అన్నాడు. అంటే అతను ఆ రోజు విన్నాడు. నేనే వినలేదు. అయినా నాలుగు వారాల సంగతి అతనికి గుర్తులేదు, లెక్క అన్న దగ్గర ఉంది కదా అని.

ఒక్క రోజు నాగా పెట్టలేదు. ప్రతి మాత్రకూ టిక్కు పెట్టాను. అక్కడి కూలీలు మా టిక్కులు చూసి, మీ దేశంలో దేవుడి పూజ ఇలాగే చేస్తారా అని అడిగారు. అవ్ అని చెప్పాడు భాయ్.

శనివారం తిరిగొచ్చాం. ఆ రోజు మాత్ర అక్కడి లెక్కలోదే. మర్నాటి నుంచి నాలుగు రోజులు నేను కల్లూరు నుంచి ఇల్లందుకు ఫోను చేసి మింగించాను. బుధవారం ఆఖరిది.

"అయిపోయినయ్ భాయ్," అన్నాను. "ఎనభై ఒకటికి ఎనభై ఒకటి."

"ముబారక్ అన్నా. ఇగ నా కడుపు నాది."

ఆ తర్వాత పదమూడో రోజు వాళ్ళావిడ ఫోను చేసింది. ఆమెను నేను భాభీ అంటాను. "భాయీసాబ్, ఈయనకు చలి పెట్టి జ్వరం వస్తుంది. రెండు దుప్పట్లు కప్పినా మంచం ఊగుతుంది. డాక్టర్ దగ్గర ఉన్నం, గిదో మాట్లాడుండ్రి."

డాక్టరు నన్ను ఒకటే అడిగాడు. ఆఫ్రికా వెళ్ళొచ్చాడంటున్నారు, మలేరియా మాత్రలు సరిగ్గా వేసుకున్నాడా?

"ఎనభై ఒకటి సార్," అన్నాను. "కోర్సు పూర్తిగా వేసుకున్నడు. టిక్కులతో సహా నా దగ్గర ఉంది. మలేరియా అయ్యే చాన్సే లేదు."

అంత నిబ్బరంగా అంకె చెప్పేవాణ్ణి ఎవరు మాత్రం కాదంటారు? వైరల్ జ్వరం కావచ్చని మందులిచ్చి పంపాడు. రోజూ ఫోను చేశాను. మూడో రోజు భాయ్ మాట్లాడాడు. నాలుగో రోజు మాట్లాడలేదు. పడుకున్నాడంది భాభీ. వైరల్ గిట్లనే ఉంటది, అయిదు రోజులు పడుతుంది అని నేనే ధైర్యం చెప్పాను.

అయిదో రోజు నేను భద్రాచలం వైపు అడవి అంచున ఒక కోయ ఊళ్ళో బోరు దగ్గర ఉన్నాను. ఎవరి పొలంలో బోరు వేస్తున్నామో ఆయన కూతురు ఆ ఊళ్ళో ఆశా కార్యకర్త. వయసు పాతికకు మించదు. భుజాన రక్తపరీక్ష సంచి. బయటినుంచి వచ్చిన పనివాళ్ళలో ఎవరికైనా జ్వరముందా అని అడగడానికి వచ్చింది.

"మా వాళ్ళకు లేదమ్మా. మా మెకానిక్‌కు ఉంది కాని ఆయన ఇల్లందుల ఉన్నడు. అది మలేరియా కాదు."

"కాదని ఎవలు జెప్పిన్రు?"

"నేనే."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఎక్కడికన్న పోయొచ్చిండా?"

ఆఫ్రికా అన్నాను. మాత్రల సంగతి చెప్పాను. నోటుపుస్తకం తీసి చూపించాను కూడా. ఎనభై ఒక్క టిక్కు. ఆమె వేలు పెట్టి వరుసలు చూసుకుంటూ చివరికొచ్చి ఆగింది.

"అన్నా, వచ్చినంక గీ నాలుగేంది?"

"నాలుగు వారాలు. డాక్టరమ్మే చెప్పింది."

"నాలుగు వారాలంటే నాలుగు గోలీలా?"

"మరి?"

"ఇరవై ఎనిమిది!" ఆ కేకకు వాళ్ళ నాయన పరుగెత్తుకొచ్చాడు, నీళ్ళు పడ్డాయనుకుని. "నెలకు నాలుగు వారాలు గాదా? ఆ పురుగు ముందుగాల కాలేయంల దాసుకుంటది అన్నా. కాలేయంల ఉన్నన్ని దినాలు గీ గోలీ దానికి తగలదు. రక్తంలకు దిగినంకనే సంపుతది. ఎన్నడు దిగుతదో తెల్వదు. గందుకే నెల రోజులు మింగాలె. నువ్వేమో తలుపు తీసి కావలోణ్ణి ఇంటికి పంపినవ్."

డాక్టరమ్మ చాలాసేపు చెప్పింది ఇదే అయి ఉంటుంది. ఈ అమ్మాయికి అయిదు వాక్యాలు పట్టాయి. నేను అక్కడే పైపుల మీద కూర్చుండిపోయాను. నాలుగు రోజుల అనుభవం ఉన్న బోరు కుర్రాడు కూడా అడుగులూ మీటర్లూ కలిపి కూడడు. నేను రోజులూ వారాలూ కలిపి కూడాను. దాని మీద ప్రాణం ఉన్న మనిషిని పెట్టాను.

"కూసుంటే ఏమొస్తది? ఫోన్ గొట్టు," అంది ఆమె. "జల్దీ పరీక్ష జేయించు. ఫలానా దేశం పోయొచ్చిండు, గోలీలు నడుమల ఆపిండు అని జెప్పమను. నడుమల ఆపిండని తప్పక జెప్పాలె."

భాభీకి ఫోను చేశాను. ఒక్క గుక్కలో చెప్పాను: "భాభీ, లెక్క తప్పింది. ఇప్పుడే సర్కారు దవాఖానాకు తీసుకపో. మలేరియా చూడమను. గోలీలు ఇంకా తినాల్సినవి ఉన్నయ్, నేనే ఆపిన."

ఆమె ఫోను పెట్టేసింది. మళ్ళీ ఫోను వచ్చేదాకా గడిచిన ముప్పావు గంటలో బోరు ఎన్ని అడుగులు దిగిందో నా పుస్తకంలో లేదు. ఆశా అమ్మాయి ఊరికే ఉండకుండా నా వేలు కూడా పొడిచి చూసింది. నాకు లేదు. నేను ఇల్లందులో పరీక్ష ఫలితం కోసం చూస్తుంటే నా ఫలితం చేతిలో పెట్టింది. దాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు.

భాయ్‌కి ఉంది. రెండు రకాల్లో చెడ్డ రకం, మెదడుకెక్కేది. అప్పటికే మాట తడబడుతోంది. ఖమ్మం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. నేను వెళ్ళేసరికి సూదిమందు ఎక్కుతోంది. కళ్ళు పచ్చగా ఉన్నాయి. నన్ను చూసి, "ప్రెషర్ తగ్గింది, వాల్వు చూడు," అన్నాడు. అతని ముందు కంప్రెసర్ లేదు, నేనున్నాను. మూడు రోజులు అతను వాల్వు గురించే మాట్లాడాడు. ఆ మూడు రోజులూ భాభీ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను వార్డు బయట బెంచీ మీద కూర్చుని గోడకున్న పలకలు లెక్కపెట్టకుండా ఉండటానికి కళ్ళు మూసుకున్నాను. ఇంకో తప్పు లెక్క ఒంటికి మంచిది కాదనిపించింది.

నాలుగో రోజు భాయ్ నన్ను గుర్తుపట్టాడు. జరిగింది చెప్పాను. దాచలేదు. మా ఆవిడ వారాలూ, మా అత్త వారాలూ అన్నీ చెప్పాను. అతను పైకప్పు చూస్తూ విన్నాడు.

"అన్నా," అన్నాడు చివరికి, గొంతు పీలగా. "నేను మీ అత్త శుక్రవారానికి సచ్చిపోతుంటినన్న మాట."

భాభీ అప్పుడు నవ్వింది. ఆ నవ్వు ఏడుపు ఆగినచోట మొదలైంది. చెంగుతో మొహం తుడుచుకుంది.

"మీ తెలుగుల గిదే లొల్లి," అన్నాడు భాయ్. "రోజూ వారమే, ఏడు రోజులూ వారమే, కూర తినకున్నా వారమే. మాలో హఫ్తా అంటం. చార్ హఫ్తే అంటే చార్ హఫ్తే, ఖతం. హఫ్తా అని రాసుంటే నీకు గీ తిప్పలుండేనా?"

"ఏం ఉండకపోవు?" అంది భాభీ. "హఫ్తా అంటే శనివారం గూడ. నీ చేతికిస్తే శనివారం శనివారం ఒక్కటి మింగి ఊకుందువు."

భాయ్ ఆలోచించాడు. అది నిజమే. ఆ ముక్కతో మా ఇద్దరి భాషలకూ సమానంగా తప్పు పడింది. కాని జ్వరం మాత్రం ఒకరికే పడింది, ఆ సంగతి ఆ గదిలో ఎవరూ మరిచిపోలేదు.

ఏడాది దాటింది. భాయ్ కోలుకున్నాడు. తొమ్మిది కిలోల్లో ఆరు తిరిగొచ్చాయి. నేను ఆ తర్వాత రెండుసార్లు పరీక్ష చేయించుకున్నాను, రెండుసార్లూ లేదనే వచ్చింది. ఇప్పుడు ఓనరు మళ్ళీ ఆఫ్రికా అంటున్నాడు. భాయ్ రానన్నాడు. కంప్రెసర్ వేరేవాడి చేతికి ఇచ్చే ఉద్దేశం నాకు లేదు కాబట్టి పోయిన వారం, అంటే ఏడు రోజుల కిందట, ఇల్లందు వెళ్ళి అతని షెడ్డులో కూర్చున్నాను. ఈసారి డాక్టరమ్మ చెప్పింది కాగితం మీద రోజుల్లో రాయించుకుంటానని, భాభీతో సరిచూయించి గాని కొననని చెప్పాను.

"రాయించు. మొత్తం రాయించు," అన్నాడు, నట్టు బిగిస్తూ. "నా పాత గోలీలు ముందు ఇయ్యి, ఆఫ్రికా సంగతి తర్వాత."

"జబ్బు నయమైంది కదా భాయ్. డాక్టర్లే ఇంక అవసరం లేదన్నారు. అవి ఇప్పుడు మింగితే ఏం లాభం?"

"మింగుతనన్ననా? నువ్వు నాకు చెప్పినయి ఎన్ని, చెప్పాల్సినయి ఎన్ని? నేను నీ మాట మీద మింగిన, నీ మాట మీద ఆపిన. బాకీ కొట్టేసుడు నీ పుస్తకంల ఉండచ్చు, నా దగ్గర లేదు. ఎన్ని బాకీనో నోటితో చెప్పు. ఫోన్ చూడకు."

షెడ్డులో ఇంకో ఇద్దరు కస్టమర్లు చెవులు నిక్కించారు. నేను ఇరవై ఎనిమిదిలోంచి నాలుగు తీశాను. తొందరపడకుండా, వేళ్ళ మీద.

"ఇరవై నాలుగు," అన్నాను.