ఆపలేని మోటారు

కిందటేడు ఎండాకాలం మొదట్లో సంగతి. చౌడేపల్లె దగ్గర టమోటా సేద్యం చేసే మా నాయనకు నాలుగడుగులు వేస్తేనే ఆయాసం వస్తుంటే, గుండె స్కానింగ్ కోసం మదనపల్లెకు తీసుకుపోయాను.

ఎడమ పక్కకు పడుకోబెట్టి, ఎదకు జెల్ రాసి, డాక్టరమ్మ మిషన్‌లో సౌండ్ పెట్టింది. బుస్సుమని ఒక చప్పుడు, కాసేపు ఏమీ లేదు, మళ్లీ బుస్సుమని రెండు చప్పుళ్లు. నేను తెర వైపు చూడలేక నాయన పాదాలు పట్టుకున్నాను.

ఆయన మాత్రం శ్రద్ధగా విన్నాడు. "మన బోరు మాదిరే గ్యాప్ ఇస్తాండాది కదమ్మా" అన్నాడు నాతో. నీళ్లు తగ్గిన బోరు ఆగి ఆగి పోయడాన్ని మావైపు అలాగే అంటాం.

డాక్టరమ్మ చేయి ఆగింది. "పంపింగ్ బాగా తగ్గిందప్పా" అంది మెల్లగా.

"బోరయితే మోటారు ఆపి, నీళ్లు ఊరినాక ఏసుకుంటాం. దీన్ని ఆపేదానికి లేదే" అంటూ నాయన తువ్వాలుతో జెల్ తుడుచుకున్నాడు.

ఆ ఎండాకాలం ఆయన దాటలేదు.

ఇప్పుడు తోటకు నీళ్లు నేనే కడుతున్నాను. బోరు గ్యాప్ ఇవ్వగానే మోటారు ఆపి, స్టార్టర్ పక్కన కూర్చుంటాను. నీళ్లు ఊరేదాకా బాగానే ఉంటాను. మళ్లీ మోటారు వేసి, పైపులోంచి ధారగా నీళ్లు దూకినప్పుడే నాకు ఏడుపు ఆగదు.