ఓబులేసు కెమెరా

కువైట్‌లో నెల రోజుల పని మీద ఉన్నప్పుడు ఓబులేసు పరిచయమయ్యాడు. రాయచోటి మనిషి, జాబ్రియాలో ఒక ఇంటి డ్రైవరు. చలికాలం రాగానే ఆ ఇంటివాళ్లు కారు వెనక గదంత కారవాన్ తగిలించుకుని ఎడారిలో మకాం వేస్తారు. కిందటేడు ఓబులేసు దాన్ని రివర్స్ చేస్తూ డేరా కూల్చేశాడు. లోపల కఫీల్, అంటే వీసా ఇచ్చిన ఆ ఇంటి యజమాని, నిద్రపోతున్నాడు. "ఈసారి తగిలితే ఖలాస్, ఊరికి పంపించేస్తా" అన్నాడట ఆయన.

నేను ఇంజినీర్నని, రివర్స్ చేసేటప్పుడు వెనక చూపించే కెమెరా ఎంచి పెట్టమని నన్ను సులైబియా బజారుకు తీసుకెళ్లాడు. వైరు లేనిదైతే అంత పొడుగు బండికి బొమ్మ ఆగి ఆగి వస్తుందని అరగంట పాఠం చెప్పి, వైరుదే కొనిపించాను. కారవాన్ వెనక కెమెరా, స్టీరింగ్ పక్కన తెర దగ్గరుండి బిగించిపెట్టాను.

ఇంటికొచ్చాక పరీక్షకని రివర్స్ గేరు వేశాడు. తెర నిండా పూల స్కార్ఫు. ఆ ఇంట్లో వంటచేసే మరియమ్మ గరిటె పట్టుకుని సరిగ్గా కెమెరా ముందు నిలబడి, "రా, రా, ఇంకా రావయ్యా" అంటోంది. ఆరేళ్లుగా అది ఆవిడ డ్యూటీ అట.

"ఆవిణ్ని తప్పుకోమనవయ్యా, వెనకేముందో కనపడొద్దూ?" అన్నాను విసుగ్గా.

ఓబులేసు నావైపు జాలిగా చూశాడు.

"ఆమె తప్పుకుంటే నిలపమని ఎవురు చెప్తారు సార్? ఇన్నేండ్లూ ఆమె చెయ్యి ఎటు ఊపుతాందో అద్దంలో కనపడక అందాజుగా పోతాంటి. ఇప్పుడు బాగా కనపడతాంది."