వాగు అవతల ఆరు గుంతలు

దయ్యాల సంగతి ఎవరైనా మొదలుపెడితే లేచి పక్కకు వెళ్లిపోయే రకం నేను. ఎమ్మెస్సీలో భూమి, పర్యావరణ శాస్త్రాలు చదివాను. ఏదైనా కొలిచి చెప్పాలి, రెండోసారి కొలిచినా అదే రావాలి అని నేర్చుకున్నదాన్ని. అందుకే ఇది ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు. ఇంకో కారణం కూడా ఉంది. ఇందులో నేను చేసిన తప్పుడు పని ఒకటుంది.

మాది వేంసూరు దగ్గర పల్లె. క్లాసులో మొదటి నుంచీ ఫస్టు నాదే. అదే క్లాసులో ఉన్న జ్యోతి చాలా రోజులు నా కంటికే ఆనలేదు. టేకులపల్లి అవతల అడవిలో ఉన్న గూడెం నుంచి వచ్చింది. సెమినార్ అంటే చాలు, ఆమెకు చెమటలు పట్టేవి.

ఫీల్డుకు వెళ్తే మాత్రం వేరే మనిషి. గుప్పెడు మట్టి మీద కాసిని నీళ్లు చిలకరించి, వేళ్ల మధ్య పిసికి, బంకమట్టి ఎంతో ఇసుక ఎంతో చెప్పేసేది. నేను ల్యాబులో రెండు రోజులు కూర్చుని తేల్చింది కూడా ఇంచుమించు అదే. ఒకసారి మా సారు అందరి ముందూ అన్నాడు, "మాధవి రికార్డు మంచిగ రాస్తది. జ్యోతి నేలను చదువుతది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పూట హాస్టల్లో అన్నం సహించలేదు.

అప్పటి నుంచి ఆమె ఏం చేసినా నాకు గుచ్చుకునేది. ఆఖరికి ఆమె చెప్పుల చప్పుడు కూడా. చివరి సెమిస్టర్‌లో సారు ప్రాజెక్టులో ఒక్కరికే రీసెర్చ్ సీటు ఉందని తెలిసింది. ఫీల్డు పని చూసి తీసుకుంటారన్నారు.

ఆ పని టేకులపల్లి దాటాక అడవిలో ఒక వాగు దగ్గర. ఫిబ్రవరి నెల, నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. ఒక్కో ఒడ్డు వెంట పది చోట్ల గుంత తవ్వి, మట్టి సంచుల్లో నింపాలి. ఇవతలి ఒడ్డు నాది, అవతలి ఒడ్డు జ్యోతిది. టేకు చెట్లన్నీ ఒకేలా ఉంటాయి, ఫోన్లో సిగ్నల్ రాదు. అందుకని ముందురోజే సారుతో తిరిగి, తవ్వాల్సిన ప్రతి చోటా చెట్టుకు ఎర్ర రిబ్బన్ కట్టాం.

మర్నాడు పొద్దున తొమ్మిదికి జీపు దిగాం. జ్యోతి ఇంకా సంచులు సర్దుకుంటుండగానే నేను బయల్దేరాను. నా చోటికి పోలేదు. వాగు దాటి అవతలికి వెళ్లి, వరసగా ఆరు రిబ్బన్లు విప్పి బ్యాగులో కుక్కుకున్నాను. ఏడోదాని దగ్గర ఎండుటాకుల చప్పుడైతే బెదిరి వెనక్కి వచ్చేశాను.

నా రెండో గుంత దగ్గర తలెత్తి చూస్తే అవతలి ఒడ్డున జ్యోతి. వీపు నా వైపు పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని తవ్వుతోంది. సరిగ్గా నేను రిబ్బన్ విప్పిన మద్దిచెట్టు కిందే.

భయం వేయలేదు. ఒళ్లు మండింది. గుర్తు లేకపోయినా ఎలా తెలిసింది? నేను మూడో చోటికి పోతే ఆమె తన మూడో చోట ఉంది. నాలుగు, ఐదు కూడా అంతే. "జ్యోతీ!" అని గట్టిగా పిలిచాను. తిరిగి చూడలేదు. పొగరు అనుకున్నాను. గునపం మట్టిలో దిగుతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. పదకొండు దాటాక ఒక ఫొటో కూడా తీశాను, రిబ్బన్ లేని చోట తవ్విందని సారుకు చూపించొచ్చని. ఆరో చోటు తర్వాత ఆమె మళ్లీ కనపడలేదు.

రెండింటికి జీపు దగ్గరకు వచ్చాను. జ్యోతి వెనక సీట్లో కాలు చాపుకుని ఉంది. చీలమండకు గుడ్డ కట్టు.

"నాకంటే ముందే ఎలా వచ్చావ్?" అన్నాను.

సారు నా వైపు వింతగా చూశాడు. "యాడికి పోయిందని? నువ్వు పోయిన జర సేపటికే రాయి మీద జారి పడ్డది. వాగు గూడ దాటలే. గప్పటి సంది గిక్కడనే ఉన్నం."

ఆమె సంచులు ఖాళీగా ఉన్నాయి. ఆమె గునపం జీపులోనే ఉంది, మట్టి అంటకుండా. పక్కకు వెళ్లి ఫోన్ తెరిచాను. ఫొటోలో చెట్టు ఉంది, ఇసుక ఉంది, ఎండ ఉంది. మనిషి లేదు.

మర్నాడు ఆమె వాటా పని చేయడానికి సారు నన్ను తీసుకుని అవతలి ఒడ్డుకు వెళ్లాడు. నేను రిబ్బన్లు విప్పిన ఆరు చోట్లా గుంతలు ఉన్నాయి. పైమట్టి ఎడమ పక్క, లోపలి మట్టి కుడి పక్క, వేర్వేరు కుప్పలు. అట్లా పోసేది మా క్లాసులో జ్యోతి ఒక్కతే. రిబ్బన్లు ఉన్న మిగతా నాలుగు చోట్ల నేలను ఎవరూ ముట్టలేదు.

"నువ్వే తవ్విపెట్టినవా? మంచి పని చేసినవ్," అన్నాడు సారు.

నేను కాదనలేదు. రిబ్బన్లు ఏమైనయ్ అంటే తెలియదన్నాను. వారం తర్వాత, సీటు నాకే ఇస్తున్నానన్నాడు.

రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు జ్యోతి గదికి వెళ్లి అంతా చెప్పేశాను.

"సారు తీసిన ఫొటోలల్ల ఆ గుంతలు నేను గూడ చూసిన," అంది. "అచ్చం నేను తవ్వినట్టే ఉన్నయ్. మస్తు భయమైంది. ఎవ్వరికి చెప్పాల్నో తెల్వక ఊకున్న."

"మీ గూడెంలో ఇలాంటివాటి గురించి ఏమైనా చెప్పుకుంటారా?"

"అడివిల ఉంటే అన్నీ తెలుస్తయా ఏంది? మాకు గూడ తెల్వదు." మళ్లీ తనే అడిగింది, "రిబ్బన్లు ఎందుకు తీసినవ్?"

"నిన్ను చూసి ఓర్వలేక."

"నువ్వు ఇంగ్లీషుల గడగడ మాట్లాడుతుంటే నాకు గూడ కడుపు మండేది మాధవీ. గానీ నీ కాయితాలు నేను దాచిపెట్టలే."

ఆ సాయంత్రమే సారు దగ్గరకు వెళ్లి చెప్పాను. గుంతలు ఊరివాళ్లెవరో తవ్వి ఉంటారని కొట్టిపారేశాడు. రిబ్బన్ల సంగతికి మాత్రం నెల రోజులు నా మొహం చూడలేదు. సీటు జ్యోతికి వెళ్లింది. నేను ఖమ్మంలో ఒక ల్యాబులో బోరు నీళ్లు పరీక్ష చేసే ఉద్యోగంలో చేరాను. ఆమె ఫీల్డు ఫొటోలు ఫోన్లో కనపడితే ఇప్పటికీ లోపల ఎక్కడో చురుక్కుమంటుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి.

నేనే తవ్వి మర్చిపోయానేమో అని కూడా లెక్క వేసి చూసుకున్నాను. నా పది గుంతలకూ నోట్‌బుక్‌లో టైము రాసుకున్నాను. మధ్యలో ఇంకో ఆరు తవ్వే వ్యవధి లేదు. ఎండకు కళ్లు చెదిరాయంటే ఒప్పుకుంటాను. చేసిన తప్పు అలా కనిపించిందన్నా ఒప్పుకుంటాను. కానీ ఆ గుంతల్లో నేను మోచేతి దాకా చెయ్యి పెట్టి మట్టి తీశాను.

జ్యోతి జీపులో కాలు చాపుకుని కూర్చుంది. ఆ పొద్దంతా నేను ఎవరిని చూసి కుళ్లుకున్నానో నాకు ఈ రోజుకీ తెలియదు.